బొగ్గు పెట్టెలో ఏది పనికొస్తుంది? ముఖాలు గీయడం మొదలుపెట్టేవారి కోసం ఒక సామగ్రి సమీక్ష

బొగ్గుతో ముఖాలు గీయడం నేర్చుకుందామనుకునేవారిలో ఎక్కువమంది మొదట కొనేది ఒక పెట్టె. ఆన్‌లైన్‌లో చార్‌కోల్ స్కెచింగ్ కిట్ అన్న పేరుతో, జిప్పు ఉన్న సంచిలోనో రేకు డబ్బాలోనో అమ్మే ఈ సరుకును చాలా కంపెనీలు ఇంచుమించు ఒకే తీరులో కూర్చి పెడుతున్నాయి. మూడు నాలుగు చార్‌కోల్ పెన్సిళ్లు, ఒక తెల్ల పెన్సిలు, అయిదారు మామూలు గ్రాఫైటు పెన్సిళ్లు, పొడిని నొక్కి చేసిన నల్లటి కడ్డీలు, కాగితం చుట్టి చేసిన బ్లెండింగ్ స్టంపులు, ఒక రబ్బరు, ఒక షార్ప్‌నర్, అడుగున ఎక్కడో విల్లో అనే చెట్టు కొమ్మలను కాల్చి చేసిన సన్నని బొగ్గు పుల్లలు రెండో మూడో. అలాంటి పెట్టె ఒకటి, ఆ తర్వాత విడివిడిగా కొన్న సరుకు కొంత, ఏడాదికి పైగా వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. పెట్టె తయారుచేసిన కంపెనీ పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇందులోని లోపం ఏదో ఒక కంపెనీది కాదు, ఆ కూర్పుదే. కాబట్టి ఏ పేరున్న పెట్టె కొన్నా ఈ మాటలు చాలావరకు వర్తిస్తాయి.

తీర్పు ముందే చెబుతాను. ముఖం గీయడం కొత్తగా నేర్చుకునేవారికి బొగ్గులో ముందుగా ఉండవలసిన గుణం సులువుగా చెరగడం. కొలతలు మొదటి ప్రయత్నంలోనే కుదరడం ఎవరికీ సాధ్యం కాదు. కన్ను కాస్త పైకి పోతుంది, ముక్కు ఒక పక్కకు ఒరుగుతుంది, గడ్డం కురచ అవుతుంది. వాటిని కాగితం పాడవకుండా పదేపదే సరిదిద్దుకునే వీలు ఇచ్చేదే మంచి సామగ్రి. ఈ పెట్టెలో ముప్పాతిక వంతు సరుకు ఒకసారి కాగితం మీద పడితే పూర్తిగా వదలని సరుకు. చెరిగే సరుకు మాత్రం పేరుకు రెండు పుల్లలు పెట్టి ఊరుకున్నారు. అందుకే పెట్టెకు నేను ఇచ్చే మార్కులు అయిదింటికి రెండు. ఆ రెండూ కూడా అందులోని విల్లో పుల్లలకూ ఒక పెన్సిలుకూ ఇస్తున్నవే.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే కొనేటప్పుడు మోసపోము. విల్లో బొగ్గు అంటే సన్నని విల్లో కొమ్మలను బెరడు తీసి, గాలి తగలకుండా మూసిన డబ్బాల్లో కాల్చి తీసిన బొగ్గు. ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో బుట్టలల్లడానికి పెంచే విల్లో కొమ్మల నుంచే ఈ బొగ్గు కూడా తయారుచేస్తారు. అందులో బంక గాని మైనం గాని కలపరు కాబట్టి, గీసినప్పుడు రాలే పొడి కాగితపు గరుకులో ఊరికే నిలుచుని ఉంటుంది తప్ప అంటుకుపోదు. వేలితో తడితే సగం రాలుతుంది, నూలుగుడ్డతో తుడిస్తే పలచని బూడిదరంగు నీడ మాత్రం మిగులుతుంది. కంప్రెస్డ్ చార్‌కోల్ తయారీ దీనికి పూర్తిగా వేరు. బొగ్గును పొడి చేసి, అందులో బంకో మైనమో కలిపి, నొక్కి కడ్డీలుగా చేస్తారు. అందువల్ల అది కాటుకంత నల్లగా పడుతుంది, కాగితాన్ని పట్టుకుని వదలదు. అనుభవమున్నవారు చివర్లో జుట్టుకూ, కనుపాపకూ, ముక్కుపుటాలకూ ఆ నల్లదనం వాడుకుంటారు. మొదటి గీతే దానితో పెట్టినవారికి మాత్రం మొదటికే మోసం వస్తుంది.

విల్లో పుల్ల ఎలా పనిచేస్తుందో ఒక్క బొమ్మ మీద చెబితే స్పష్టంగా ఉంటుంది. కిటికీ పక్కన పడక్కుర్చీలో కూర్చున్న మా పెదనాన్నగారి ముఖాన్ని గీసినప్పుడు, పుల్లను రెండంగుళాల ముక్కగా విరిచి, పక్కవాటుగా పట్టుకుని కాగితమంతా పలచగా రుద్ది, పాత పంచె గుడ్డతో ఒకసారి తుడిచాను. కాగితమంతా ఒకే బూడిదరంగులోకి వచ్చింది. ఆ రంగు మీద అదే పుల్ల మొనతో తల ఎత్తు, వెడల్పు గుర్తించి, ఎత్తును సగం చేసే చోట కళ్ల గీత పెట్టాను. కొత్తవారికి ఇది నమ్మబుద్ధి కాదు. నుదురూ జుట్టూ ఆక్రమించే స్థలం మన కంటికి తక్కువగా తోస్తుంది గనుక, దాదాపు అందరూ కళ్లను పైకి జరిపేస్తారు. పెద్దవారి తలలో కళ్లు ఇంచుమించు నడిమధ్యలో ఉంటాయి, రెండు కళ్ల మధ్య మరో కన్ను పట్టేంత ఎడం ఉంటుంది, ఎదురుగా చూసినప్పుడు తల వెడల్పు సుమారు అయిదు కళ్లంత ఉంటుంది. ఇవి సగటు లెక్కలే కాబట్టి ఎదుట కూర్చున్న మనిషిలో అవి ఎక్కడ తప్పుతున్నాయో కనిపెట్టడమే పోలిక పట్టుకోవడం. పెదనాన్నగారి ఎడమ కనురెప్ప కుడిదాని కంటే కొంచెం వాలి ఉంటుంది. ఆ వాలు కుదిరేవరకు ఆ కన్నును గుడ్డ కొసతో తుడుస్తూ మళ్లీ మళ్లీ గీశాను. కాగితం ఎక్కడా లేవలేదు, మచ్చ పడలేదు. అదే పని పెట్టెలోని నల్లకడ్డీతో చేసి చూస్తే, రెండోసారి తుడిచేసరికే కంటి చుట్టూ నల్లటి మరక మిగిలింది.

కన్ను కుదిరాక వెలుగు తీయడం మొదలవుతుంది. బొగ్గుపనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. పిండిలా మెత్తగా సాగే రబ్బరు ముద్దను చిటికెనవేలి కొనంత మొనగా నొక్కి, కిటికీ వైపున్న చెంప ఎముక మీదా, ముక్కు దూలం మీదా, కింది పెదవి మీదా అద్దితే ఆ మేరకు బూడిదరంగు లేచిపోయి కాగితపు తెలుపు బయటపడుతుంది. గీయడానికి ఉపయోగపడేది పుల్ల మాత్రమే కాదనీ, రబ్బరు కూడా ఒక కలమేననీ అప్పుడు అర్థమవుతుంది. పెట్టెలో ఇచ్చిన గట్టి రబ్బరుతో ఈ పని సాగదు. అది పొడిని పీల్చుకోకుండా కాగితంలోకి ఇంకా లోపలికి రుద్దుతుంది. దుకాణంలో నీడబుల్ ఎరేజర్ అని అడిగితే ఈ బూడిదరంగు రబ్బరు ముద్ద ఇస్తారు. ఫేబర్ కాస్టెల్ వారిది చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది, ఆ డబ్బా వల్ల దుమ్ము పట్టకుండా సంచిలో వేసుకోవచ్చు. నల్లబడినప్పుడు సాగదీసి మడిస్తే లోపలి శుభ్రమైన భాగం పైకి వస్తుంది. పూర్తిగా నల్లబడి జిగురు తగ్గాక మాత్రం మార్చుకోవలసిందే, కడిగితే బాగుపడదు. రబ్బరు రాక ముందు చిత్రకారులు ఈ పనికి రొట్టె మెత్తని భాగం వాడేవారు. 1907 తర్వాత తైలవర్ణ రూపచిత్రాల పనిని బాగా తగ్గించుకుని, కూర్చోబెట్టిన కొద్ది గంటల్లోనే బొగ్గుతో ముఖం పూర్తిచేసే పద్ధతికి మారిన అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ కూడా చెరపడానికి రొట్టెనే వాడాడు. మనకు రబ్బరు ముద్ద దొరుకుతున్నప్పుడు బ్రెడ్డు ముక్క జోలికి పోనక్కరలేదు. వెన్న, నూనె కలిసిన ఇప్పటి బ్రెడ్డు కాగితం మీద జిడ్డు వదిలే ప్రమాదం కూడా ఉంది.

ఇక చార్‌కోల్ పెన్సిళ్లు. కనురెప్పల అంచు, పెదవుల మధ్య గీత, మీసం వెంట్రుకల కొసలు వంటి సన్నని పనులకు ఇవి తప్పవు. కాని ఒకటి చాలు. 1931లో సిరా తయారీతో మొదలైన కామ్లిన్ వారి పెన్సిళ్లు మన ఊళ్లలో సులభంగా దొరుకుతాయి. ఫేబర్ కాస్టెల్ పిట్ వరుసలో సాఫ్ట్, మీడియం, హార్డ్ అని మూడు రకాలున్నాయి. అమెరికాలోని జెర్సీ సిటీకి చెందిన జనరల్ కంపెనీ వారివి 2బి, 4బి, 6బి గుర్తులతో వస్తాయి, అంకె పెరిగేకొద్దీ బొగ్గు మెత్తన. వీటిలో దేనినైనా మీడియం స్థాయిలో ఒకటి కొనుక్కుని, దాని పనితనం బాగా తెలిశాక మెత్తని రకం చేర్చుకుంటే సరిపోతుంది. పెట్టెలో వచ్చిన షార్ప్‌నర్‌ను మాత్రం పిల్లల పెన్సిళ్లకు వదిలేయడం మంచిది. లోపలి బొగ్గు పెళుసు గనుక, షార్ప్‌నర్ తిప్పే ఒత్తిడికి మొన విరిగి అందులోనే ఇరుక్కుంటుంది. బ్లేడుతో చుట్టూ చెక్క తీసేసి, అరంగుళం మేర బొగ్గు బయటపెట్టి, గరుకు కాగితం మీద నెమ్మదిగా తిప్పుతూ మొన తేల్చుకోవాలి. పెన్సిలు ఒకసారి గచ్చు మీద పడిందంటే లోపల ముక్కలు ముక్కలుగా విరిగి ఉంటుందని అనుకోవచ్చు. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చెక్కినా మొన ఊడిపోతూనే ఉంటుంది.

పెట్టెలో ఉండకూడనివి గ్రాఫైటు పెన్సిళ్లు. కొత్తవారికి అవి తెలిసిన పనిముట్టు కాబట్టి చెయ్యి ముందు వాటి మీదకే పోతుంది. ఫొటో మీద గళ్లు గీసి, కాగితం మీద పెద్ద గళ్లు గీసి, పెన్సిలుతో ఆకారం దించి, దాని మీద బొగ్గు పూయడం మన దగ్గర చాలాచోట్ల చూస్తాం. గ్రాఫైటు నున్నగా, మెరుపుతో ఉంటుంది. గట్టిగా గీసిన గ్రాఫైటు గీత మీద బొగ్గు సరిగా నిలవదు, పక్క నుంచి వెలుతురు పడినప్పుడు ఆ గీతలు నుదుటి మీదా చెంపల మీదా వెండి తీగల్లా మెరుస్తూ కనబడతాయి. గళ్ల పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు, ఫొటోను పెద్దది చేసే వృత్తిలో దానికి దాని స్థానం ఉంది. కాని గళ్లు గీయదలచినా విల్లో పుల్లతోనే పలచగా గీసుకోవాలి. తర్వాత ఊదకుండా, తుడిచేస్తే పోతాయి.

తెల్ల పెన్సిలు గురించి ఒక్క మాటతో సరిపెట్టవచ్చు: తెల్ల కాగితం మీద తెల్ల పెన్సిలుకు పని లేదు. పెట్టెతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో ఉన్నవన్నీ తెల్ల కాగితాలే కావడం ఈ కూర్పు వెనక ఆలోచన ఎంత తక్కువో చెబుతుంది. ఆ పుస్తకంతోనే అసలు చిక్కు. కాగితం మరీ నున్నగా ఉంది. బొగ్గు పొడి నిలవడానికి కాగితంలో కొంత గరుకు ఉండాలి. నున్నని చార్టు మీదా, జిరాక్సు కాగితం మీదా గీస్తే ఒక పూతకే గరుకు నిండిపోయి, రెండో పూత జారిపోతుంది. ముఖంలో కణత నుంచి దవడ వరకు వచ్చే నీడకు రెండు మూడు పూతలు అవసరం కాబట్టి, అలాంటి కాగితం మీద ఎంత శ్రమించినా ముఖం బల్లపరుపుగానే మిగులుతుంది. నేర్చుకునేవారు దీన్ని తమ చేతగానితనం అనుకుని పెట్టెను అటకెక్కిస్తారు. డబ్బు కాస్త ఎక్కువ పెట్టవలసిన చోటు ఏదైనా ఉందంటే అది కాగితమే.

సాధనకు చదరపు మీటరుకు 150 గ్రాములకు అటూ ఇటూగా బరువున్న గరుకైన కార్ట్‌రిడ్జ్ కాగితం, ఎ3 సైజులో, చాలు. ఎ4 మీద ముఖం అరచేతికి మించదు, ఆ కొలతలో బొగ్గు పుల్ల మొన కన్నంత లావుంటుంది. కొంచెం కుదురుకున్నాక కాన్సన్ కంపెనీ వారి మి-టెయింట్ రంగు కాగితం కొని చూడమని చెబుతాను. 160 గ్రాముల బరువున్న ఆ కాగితానికి ఒక వైపు తేనెపట్టు గళ్ల వంటి గరుకు, రెండో వైపు సన్నని గరుకు ఉంటాయి. ముఖాలకు రెండో వైపే బాగుంటుంది. మొదటి వైపున ఆ గళ్లు చెంపల మీద అచ్చుపడి స్ఫోటకపు మచ్చల్లా కనిపిస్తాయి. ఈ కాగితం ఖరీదైనదే. అందుకే దాన్ని సాధనకు వాడవద్దు.

రంగు కాగితాన్ని సిఫారసు చేయడానికి మరో కారణం ఉంది, ఇది మనవాళ్ల ముఖాలకు సంబంధించినది. నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు తెల్లని చర్మమున్న మనుషులను తెల్ల కాగితం మీద గీస్తారు. అక్కడ కాగితమే చర్మపు రంగు, నీడలు మాత్రం బొగ్గు. అదే పద్ధతిలో చామనఛాయ ముఖాన్ని గీస్తే మనిషి పాలిపోయి, పోలిక ఉన్నా ఎవరో పరాయివాడిలా వస్తాడు. మన ముఖాల్లో వెలుగు పడిన నుదురు కూడా మధ్యస్థమైన రంగే. కాగితపు తెలుపు మిగలవలసింది ముక్కు కొన మీదో, చెమట మెరిసే చోటో, కంటి తడి మీదో మాత్రమే. బూడిదరంగు లేదా మట్టిరంగు కాగితం మీద మొదలుపెడితే చర్మపు రంగు కాగితమే ఇస్తుంది. నీడకు బొగ్గు, మెరుపుకు ఆ తెల్ల పెన్సిలు. పెట్టెలో నిరర్థకంగా పడి ఉన్న ఆ పెన్సిలుకు ఇక్కడే విలువ వస్తుంది. ముక్కుపుడక రాయి మీద దానితో ఒక్క చుక్క పెడితే చాలు. ఎర్ర కుంకుమబొట్టును నల్లగా దిద్దడం తరచుగా కనిపించే పొరపాటు. కళ్లు సగం మూసి చూస్తే అది కనుపాప కంటే స్పష్టంగా లేతగానే ఉంటుంది. నల్లదనంలో మొదటి స్థానం జుట్టుకూ కనుపాపకూ వదిలేసి, మిగతావాటిని వాటి కింద వరుసలో నిలబెట్టాలి. నూనె పెట్టి దువ్విన జుట్టు మీది మెరుపును తెల్ల పెన్సిలుతో కాకుండా రబ్బరు ముద్ద అంచుతో, దువ్విన దిక్కులో ఒక్క ఊపులో తీస్తే సహజంగా ఉంటుంది.

బ్లెండింగ్ స్టంపులు పెట్టెలో అవసరానికి మించి ఉన్నాయి, అవి చేసే మేలు కంటే కీడు ఎక్కువ. చేతిలో ఉన్నాయి కదా అని ముఖమంతా పాముతూ పోతే నీడల అంచులన్నీ కరిగిపోయి, ఎముక లేని ముఖం తయారవుతుంది. ముక్కు కింద పడే నీడకు గట్టి అంచు, చెంప మీది నీడకు మెత్తని అంచు ఉండాలి. ఈ తేడా పోయిందంటే వెలుగు ఎటు నుంచి వస్తోందో చూసేవారికి తెలియదు. వేలితో పామడం ఇంకా చెడ్డది, ఎందుకంటే చర్మపు జిడ్డు తగిలిన చోట మరక పడి రబ్బరుకు లొంగదు. కోస్తాలో, ఎండాకాలపు ఉక్కలో, అరచేయి ఆనించినా ఇదే జరుగుతుంది. చేతి కింద ఒక శుభ్రమైన కాగితం ముక్క వేసుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఏ పెట్టె మీదా రాయని సంగతి ఒకటి, మన ఇళ్లలో తప్పక ఎదురయ్యేది, సీలింగ్ ఫ్యాను. బొగ్గు పొడి ఫ్యాను గాలికి లేచి దుప్పట్ల మీదా గోడల మీదా చేరుతుంది, ఊపిరిలోకీ పోతుంది. ఫ్యాను ఆపి, కాగితాన్ని ప్లైవుడ్డు పలకకు క్లిప్పులతో బిగించి, పలకను గోడకు నిటారుగా ఆనించి గీస్తే పొడి కిందికి రాలుతుంది. కింద పాత పేపరు పరిస్తే సరిపోతుంది. కాగితం మీది పొడిని నోటితో ఊదవద్దు, ఉమ్మి తుంపర పడితే ఆ చుక్క అలాగే ఉండిపోతుంది. పలకను వెనక నుంచి తట్టాలి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు ముక్కుకు మాస్కు కట్టుకోవడం మేలు. పలకను నిటారుగా పెట్టడంలో ఇంకో లాభం ఉంది. బల్ల మీద పరచి గీసినప్పుడు కాగితం పైభాగం కంటికి దూరంగా పోవడం వల్ల నుదురు తెలియకుండానే సాగిపోతుంది. నిటారుగా ఉంటే ఆ ఇబ్బంది ఉండదు.

కొనుగోలు సంగతికి వస్తే, బొగ్గు పుల్లలను కొరియర్‌లో తెప్పించుకోవడం నాకు కలిసిరాలేదు. పెట్టె నా చేతికి వచ్చేసరికి అందులోని పుల్లలు గోరంత ముక్కలుగా ఉన్నాయి. ఎలాగూ విరుచుకునే వాడతాం గనుక విరగడం పెద్ద దోషం కాదు, పొడి కావడమే నష్టం. అమ్మినవారికి రాస్తే ఇలాంటి సరుకుకు వాపసు లేదన్నారు. బడి పుస్తకాలు అమ్మే మామూలు స్టేషనరీ దుకాణాల్లో విల్లో బొగ్గు దొరకడం అరుదు. ఆయిల్ పెయింట్లు, కాన్వాసులు అమ్మే దుకాణంలో అడగాలి. డబ్బా మూత తీయించి చూసి, పుల్లలు నిటారుగా, లోపల కొమ్మ నడిమి బెండు మరీ గుల్లగా లేకుండా ఉన్నవి ఎంచుకోవచ్చు. సన్నవీ లావువీ కలిసిన డబ్బా అయితే కంటికీ పనికొస్తుంది, జుట్టుకూ పనికొస్తుంది. ఒక డబ్బా విల్లో పుల్లలు, ఒక మీడియం పెన్సిలు, ఒక రబ్బరు ముద్ద, కొన్ని ఎ3 షీట్లు విడిగా కొంటే నాకు పెట్టె ఖరీదు కంటే తక్కువే అయింది.

చివరగా ఫిక్సేటివ్. విల్లో బొగ్గు సులువుగా చెరుగుతుంది కాబట్టి, పూర్తయిన బొమ్మ కూడా అంతే సులువుగా చెరిగిపోతుంది. పైన చల్లే ఈ స్ప్రే పొడిని కొంతవరకు పట్టి ఉంచుతుంది, అయితే రంగులను కొద్దిగా ముదురు చేస్తుంది, రబ్బరుతో తీసిన సున్నితమైన మెరుపులను కొంత మందగింపజేస్తుంది. డాబా మీదో వరండాలోనో, అడుగు దూరం నుంచి, ఒక్కచోటే తడిపేయకుండా పలచగా రెండు మూడుసార్లు చల్లాలి. తలుపులు మూసిన గదిలో ఆ వాసన మంచిది కాదు. దాని బదులు జుట్టుకు కొట్టుకునే స్ప్రే వాడమని సలహా ఇచ్చేవారున్నారు. కాలక్రమంలో కాగితం పసుపెక్కే అవకాశం ఉంది కనుక, దాచుకోదలచిన బొమ్మకు అది వద్దు. సాధన బొమ్మలకు ఫిక్సేటివ్ మీద డబ్బు తగలేయనక్కరలేదు, షీటుకూ షీటుకూ మధ్య బటర్ పేపరు వేసి అట్టలో పెడితే చాలు. ఫ్రేము కట్టించేటప్పుడు మాత్రం, అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు అట్ట పెట్టమని కట్టేవారికి విడమరచి చెప్పాలి. చెప్పకపోతే చాలామంది అద్దాన్ని నేరుగా కాగితం మీద బిగించేస్తారు.